గేటు దాటే ముందు: యుద్ధ ప్రాంతంలో ఉద్యోగం, ఒక పూట షికారు

విదేశీ కొలువుల శీర్షికకు ఈసారి విజయవాడ, గుంటూరుల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒక్క విషయం చుట్టూనే తిరిగాయి. ఇరాక్‌లోనో ఇజ్రాయెల్‌లోనో పనిచేస్తున్న మనవాళ్లకు ఎన్నాళ్లకో ఒక పూట బయట తిరిగే వీలు దొరుకుతుంది. వెళ్లనివ్వాలా, వద్దనాలా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. మా అభిప్రాయం ముందే చెబుతున్నాం. వీలున్నప్పుడు వెళ్లడమే మంచిది. నెలల తరబడి కాంక్రీటు గోడల మధ్య ఉన్న మనిషికి నిద్ర తగ్గుతుంది, పనిలో పరాకు పెరుగుతుంది. ఎత్తు మీద పనిచేసేవాడికీ, బండి నడిపేవాడికీ పరాకు ప్రాణాంతకం. అయితే అక్కడి షికారు ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం నడక లాంటిది కాదు. డ్యూటీకి వెళ్లినంత శ్రద్ధగా వెళ్లి రావాలి.

ప్రశ్న: మావారు బస్రా దగ్గర చమురు క్షేత్రంలో స్కాఫోల్డింగ్ పని చేస్తారు. ఇన్ని నెలల్లో క్యాంపు, సైటు తప్ప ఏమీ చూడలేదు. ఇప్పుడు కంపెనీ వాళ్లు సెలవు రోజున ఊళ్లోకి తీసుకెళ్తామన్నారట. నాకేమో భయంగా ఉంది. వద్దని చెప్పమంటారా? – ఒక గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వద్దనకండమ్మా. మూడు సంగతులు మాత్రం అడగండి. ఎవరి బండి, ఏ దారిన వెళ్తారు, ఎన్నింటికల్లా తిరిగొస్తారు. కంపెనీ బండి, కంపెనీ సెక్యూరిటీ మనుషులు, ముందురోజే రాసిపెట్టిన ప్రయాణ ప్రణాళిక ఉంటే వెళ్లవచ్చు. నలుగురు కలిసి గేటు బయట టాక్సీ మాట్లాడుకుని వెళ్తామంటే మాత్రం గట్టిగా వద్దని చెప్పండి. టాక్సీవాడు చెడ్డవాడని కాదు. చెక్‌పోస్టు దగ్గర ఏదైనా తేడా వస్తే వీళ్ల తరఫున మాట్లాడే మనిషి ఉండడు. వీళ్లు ఎక్కడున్నారో క్యాంపులో ఎవరికీ తెలియదు.

ఇరాక్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. రెండింట్లో శనివారమే మేలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా చాలా దుకాణాలు మూసే ఉంటాయి. నిరసనలు జరిగేవి కూడా ఎక్కువగా ఆ నమాజు తర్వాతే. 2018 వేసవిలో మంచినీళ్లు, కరెంటు కోసం బస్రాలో జనం రోడ్డెక్కారు. సెప్టెంబరు నాటికి ప్రభుత్వ భవనాలు, ఇరాన్ కాన్సులేటు కూడా తగలబడ్డాయి. కరెంటు కోతల కాలంలో, ఎండ 50 డిగ్రీలకు చేరే జులై, ఆగస్టుల్లో ఊరు ఎప్పుడు ఎలా మారుతుందో చెప్పలేం. అక్టోబరు నుంచి మార్చి మధ్యలో, పొద్దున పదింటికి బయల్దేరి, మూడు గంటలు తిరిగి, వెలుగుండగానే గేటులోపలికి వచ్చేలా చూసుకోవాలి.

చోటు ఒక్కటే పెట్టుకోవాలి. షత్ అల్ అరబ్ నది ఒడ్డున కార్నిష్ (నడకబాట) అయితే కార్నిషే, బజారైతే బజారే. దారిలో ఇంకో దుకాణం, వచ్చేటప్పుడు ఇంకో హోటలు అని పెంచుకుంటూ పోతే ప్రణాళిక అక్కడే చెడుతుంది. ఎందుకంటే వెనక్కి వచ్చే గంట, దారి రెండూ మారిపోతాయి. క్యాంపులో కాచుకున్న మనిషికి ఏది ఆలస్యమో, ఏది ప్రమాదమో తెలియకుండా పోతుంది.

హోటల్లో కూర్చునేటప్పుడు వీధివైపు అద్దాల పక్క సీటు వద్దు. పేలుడు దూరంగా జరిగినా దెబ్బలు తగిలేది చాలాసార్లు పగిలి ఎగిరిన గాజువల్లనే. లోపలి గోడ పక్కన కూర్చోవాలి. వంటింటి వైపు ఇంకో తలుపుందేమో చూసుకోవాలి. విడిపోతే ఎక్కడ కలవాలో దిగగానే అనుకోవాలి. డ్రైవరు బండి దగ్గరే ఉండాలి. షాపింగుకు అతన్నీ వెంట తీసుకెళ్లడం మనవాళ్ల మంచితనమే కానీ అక్కడ అది పొరపాటు.

మిలిటరీ రంగు ప్యాంటు, కంపెనీ పేరున్న టోపీ, మెడలో వేలాడే బ్యాడ్జి వద్దు. రెసిడెన్సీ కార్డు, పాస్‌పోర్టు జిరాక్సు లోపలి జేబులో ఉండాలి. వెయ్యి, 5,000 దినార్ల నోట్లు కొన్ని పై జేబులో పెట్టుకుంటే బజారులో పర్సు తెరవాల్సిన పని ఉండదు.

ఇక జాకెట్టు సంగతి. ప్లేట్లున్న బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు ఇస్తే బరువు 10 కిలోలు దాటుతుంది. ఆ బరువు నడుముకు తెలియకుండా పట్టీలు వదులు చేసి కిందికి జారేలా వేసుకునేవాళ్లు ఎక్కువ. అది తప్పు. ముందు ప్లేటు పై అంచు రెండు కాలర్ ఎముకల మధ్య గుంట దాకా రావాలి. గుండె, ఊపిరితిత్తులు దాని వెనక ఉండాలి. నాలుగు వేళ్లు కిందికి జారితే కాపాడాల్సిన భాగమే బయట పడుతుంది, ప్లేటు పొట్టను కప్పుతుంది. కూర్చుని చూడమనండి. కూర్చున్నప్పుడు జాకెట్టు గొంతుకు తన్నుతోందంటే సైజు పెద్దదన్నమాట. ప్లేట్లు లేని మెత్తటి జాకెట్టు పిస్తోలు గుండును, పెంకులను (పేలుడులో ఎగిరే లోహపు తునకలను) ఆపుతుంది కానీ రైఫిల్ గుండును ఆపదు.

ప్రశ్న: నేను ఆటోనగర్‌లో పన్నెండేళ్లుగా మెకానిక్‌ను. ఇరాక్‌లో బుల్లెట్‌ప్రూఫ్ బళ్ల షెడ్డులో పని వచ్చింది. మామూలు బండికీ దానికీ తేడా ఏంటి? జనాన్ని బయటికి తీసుకెళ్లే ముందురోజు ఏం చూసుకోవాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు బరువుతో మొదలుపెట్టండి. మామూలుగా రెండున్నర టన్నులుండే పెద్ద జీపు, రైఫిల్ గుండ్లను ఆపే కవచం వేశాక నాలుగున్నర, ఐదు టన్నులకు చేరుతుంది. మీకు తెలిసిన లెక్కలన్నీ ఇక్కడ మారతాయి. బ్రేకు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. వరసగా తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతాయి. బరువు పైభాగంలో ఎక్కువ కాబట్టి వేగంగా మలుపు కోస్తే పల్టీ కొడుతుంది. తుపాకి తూటాకంటే ఈ పల్టీయే ఆ బండికి అసలు శత్రువని డ్రైవర్లకు మీరే చెప్పాలి. లోపల అందరూ సీటు బెల్టు పెట్టుకోవలసిందే.

బండితో వచ్చిన జాకీని నమ్మొద్దు. అది పాత బరువుకు ఇచ్చింది. కనీసం మూడు టన్నుల జాకీ, కింద వేయడానికి మందపాటి చెక్క పలక ఉంచండి. ఇసుకలో చెక్క లేకపోతే జాకీ దిగబడుతుంది. టైర్ల లోపల రన్‌ఫ్లాట్ రింగు ఉంటుంది. గాలి పోయినా తగ్గించిన వేగంతో కొన్ని పదుల కిలోమీటర్లు లాగుతుంది. అది ప్రమాదం నుంచి బయటపడటానికే. దాన్ని నమ్ముకుని మెత్తబడిన టైరుతో బయల్దేరకూడదు.

తలుపులు చూడండి. ఆ బరువుకు కీళ్లు కుంగుతాయి. తలుపు ఎత్తి వేయాల్సి వస్తోందంటే పిన్నులు అరిగాయన్నమాట. ఏటవాలు రోడ్డు మీద తలుపు దానంతటదే వచ్చి పడితే వేళ్లు నుజ్జవుతాయి. ఎక్కేవాళ్లకు ఇది చెప్పాలి. అద్దాల అంచుల దగ్గర బుడగలు, పాలపొంగు లాంటి తెలుపు కనిపిస్తే పొరలు విడిపోతున్నట్టు. ఎండకూ ఏసీ చల్లదనానికీ మధ్య నలిగి అలా అవుతుంది. అంచుల్లో మొదలై మధ్యకు పాకితే డ్రైవరుకు చూపు ఆనదు, గాజు బలమూ తగ్గుతుంది. ఆ బండిని ప్రయాణానికి ఇవ్వొద్దు. అద్దాలు చాలా బళ్లలో దిగవు. కాబట్టి ఏసీ ఆగితే ఆ ఎండలో లోపల మనుషులు ఉండలేరు. ఏసీ బెల్టు, కంప్రెసరు, రేడియేటరు నీళ్లు, బ్యాటరీ నాలుగూ బయల్దేరే ముందురోజే చూడాలి. ఎందుకంటే పొద్దున్నే తప్పు దొరికితే హడావిడిలో సర్దేసి పంపుతారు. ఇంధనం ట్యాంకులో ఎప్పుడూ సగానికి తగ్గకూడదు. వెనక అత్యవసర ద్వారం ఉంటే దాని గడియ లోపలినుంచి మీరే తీసి, మళ్లీ వేసి చూడండి. దుమ్ము పట్టి బిగుసుకుపోవడం మామూలే.

ప్రశ్న: బస్రా దగ్గర మా క్యాంపులో తెలుగువాళ్లం ఇరవై మందిమి ఉన్నాం. కార్తీకంలో వనభోజనాలు పెట్టుకోవాలని ఉంది. దగ్గర్లోనే పాత ఖర్జూర తోట ఉంది. అక్కడే పొయ్యి పెట్టి వండుకోవచ్చా? – సెలవుకు వచ్చిన ఒక ఫిట్టరు, భవానీపురం, విజయవాడ

జవాబు: ఆలోచన మంచిదే. ఆ తోట మాత్రం వద్దు. 1980 నుంచి 1988 దాకా ఇరాన్, ఇరాక్ యుద్ధంలో బస్రా చుట్టుపక్కలంతా యుద్ధరంగమే. అప్పటి మందుపాతరలు, 1991లోనూ 2003లోనూ పేలకుండా మిగిలిన బాంబులు ఈనాటికీ భూమిలో ఉన్నాయి. అందరూ వాడే తోటలో కాలిబాట ఉంటుంది, చెట్లకు కొత్తగా కోసిన గుర్తులుంటాయి, మేకలు తిరుగుతాయి. మంచి తోట అయివుండి మనిషి జాడ లేదంటే ఊళ్లోవాళ్లకు ఏదో తెలుసని అర్థం. ఎర్ర త్రికోణంలో పుర్రె బొమ్మ ఉన్న పలక, ఎర్ర రంగు వేసిన రాళ్లు హెచ్చరికలు. అవి లేనంతమాత్రాన చోటు మంచిదని కాదు. వరదకూ వానకూ మందుపాతరలు చోటు మారతాయి. శుభ్రం చేసిన నేలకు కూడా కొట్టుకొస్తాయి.

పొయ్యి సంగతి మరీ ముఖ్యం. మన అలవాటు ప్రకారం చిన్న గుంట తవ్వి, మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఎగదోస్తాం. ఆ నేల మీద ఈ మూడూ ప్రమాదమే. పార దిగినచోట ఏముందో తెలియదు. ఏరిన రాయి కింద ఏముందో తెలియదు. మంట కింద జానెడు లోతులో పాత గుండు ఉంటే ఆ వేడికి పేలవచ్చు. పుల్లలు ఏరడానికి పొదల్లోకి వెళ్లడం అన్నిటికంటే చెడ్డది.

పొరపాటున ఏదైనా లోహపు వస్తువు కంటబడితే ముట్టుకోవద్దు, రాయి విసరొద్దు. దాని పక్కన నిలబడి ఫోను, వాకీటాకీ వాడొద్దు. ‘ఆగండి’ అని గట్టిగా అరిచి, వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ వెనక్కి రావాలి. అడుగుజాడలు కనిపించకపోతే కదలకుండా నిలబడి సాయం కోసం ఎదురుచూడాలి. తోటివాడికి దెబ్బ తగిలినా పరుగెత్తుకుంటూ వెళ్లకూడదు. ఒకటి పేలిన చోట ఇంకోటి ఉంటుంది. ఇది చదవడానికి కఠినంగా ఉన్నా, రెండోవాడు పోయేది ఎక్కువగా ఆ పరుగులోనే.

మరి వనభోజనం ఎలా? క్యాంపు లోపలే నాలుగు చెట్లున్న చోట పెట్టుకోండి. లేదంటే కంపెనీ అనుమతితో, ఊళ్లో బల్లలు వేసి చప్టా చేసిన పార్కుకు వెళ్లండి. వంట క్యాంపు మెస్సులోనే ముగించుకుని పట్టుకెళ్లండి. ఇరవై మందికి పులిహోర ప్రధానంగా అయితే రెండున్నర కిలోల బియ్యం, కిలోకు 100 గ్రాముల చొప్పున 250 గ్రాముల చింతపండు, పావులీటరుకు పైగా నూనె సరిపోతాయి. అన్నం పలుకుగా వార్చి, పళ్లేల్లో పరిచి, పూర్తిగా చల్లారాకే పులుసు కలపాలి. వేడిగా డబ్బాలో మూత పెడితే లోపల చెమట పట్టి మధ్యాహ్నానికే వాసన వేస్తుంది. అక్టోబరు చివర కూడా అక్కడ పగలు 30 డిగ్రీలు దాటుతుంది కాబట్టి దద్దోజనం, కొబ్బరి పచ్చడి ఐసు పెట్టె లేకుండా తీసుకెళ్లొద్దు. పులిహోర, ఊరగాయ, చెగోడీలు, అరటిపళ్లు నమ్మకమైనవి. నీళ్లు మనిషికి మూడు లీటర్లు లెక్కవేసుకోండి. ఉసిరిచెట్టు నీడ అక్కడ దొరకదు. ఇంటినుంచి తెచ్చిన ఉసిరికాయ ఒకటి బల్లమీద పెట్టి దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టండి.

ఇరవై మందీ ఒకేసారి వెళ్లకపోతే మంచిది. పదేసి మంది రెండు శనివారాలు వెళ్తే బళ్లు సరిపోతాయి, తలలు లెక్కపెట్టుకోవడం తేలిక. వెళ్లినవాళ్లలో ఇద్దరికైనా రక్తం ఆపే పట్టీ వాడటం వచ్చి ఉండాలి. దాన్ని గాయానికి పైన, రెండు మూడు అంగుళాల ఎడంలో కట్టాలి. మోచేయి, మోకాలు కీలుమీద కట్టకూడదు. రక్తం ఆగేదాకా పట్టీకి ఉన్న పుల్ల తిప్పి బిగించాలి. తిప్పుతుంటే మనిషి నొప్పితో అరుస్తాడు. జాలిపడి వదులు చేస్తే రక్తం ఆగదు. కట్టిన సమయం పట్టీమీదనో నుదుటిమీదనో రాయాలి. ఆస్పత్రికి చేరేదాకా విప్పకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇజ్రాయెల్‌లోని అష్కెలోన్‌లో ఒక ముసలావిడ ఇంట్లో కేర్‌గివర్. శనివారం సెలవు. సముద్రం ఒడ్డుకు వెళ్లొస్తానంటోంది. సైరన్ మోగితే ఏం చేయాలి? – ఒక తల్లి, నల్లపాడు, గుంటూరు జిల్లా

జవాబు: అష్కెలోన్ గాజాకు చాలా దగ్గర. గాజా నుంచి రాకెట్ వస్తే సైరన్ మోగాక ఆశ్రయం చేరడానికి అక్కడ 30 సెకన్ల వ్యవధే ఉంటుంది. టెల్ అవీవ్‌లో 90 సెకన్లు, గాజా సరిహద్దు ఊళ్లలో 15. ఇరాన్ వంటి దూరదేశం నుంచి వచ్చే క్షిపణులకు మాత్రం ఫోన్లకు కొన్ని నిమిషాల ముందే హెచ్చరిక వస్తుంది. మీ అమ్మాయి ఏ చోటు ఎంచుకున్నా ఈ 30 సెకన్లనే గుర్తు పెట్టుకోవాలి.

ఒడ్డుకు చేరగానే ముందు కాంక్రీటు ఆశ్రయం ఎక్కడుందో చూసుకోవాలి. దక్షిణాది ఊళ్లలో బస్‌స్టాపుల దగ్గర, జనం తిరిగే చోట్ల చిన్న కాంక్రీటు గదులు పెట్టి ఉంటారు. తాను కూర్చునే చోటునుంచి అక్కడికి ఒకసారి వేగంగా నడిచి, ఫోనులో సెకన్లు చూసుకోమనండి. ఇసుకలో కాళ్లు కూరుకుపోతాయి. రోడ్డుమీద 20 సెకన్లు పట్టే దూరం ఇసుకలో 40 పడుతుంది. అందుకే నీళ్ల అంచున కాకుండా నడకబాట పక్కన కూర్చోవడం నయం. కాలినుంచి జారిపోయే చెప్పులు కాకుండా పట్టీ ఉన్న చెప్పులు వేసుకోవాలి.

ఆశ్రయం అందకపోతే గట్టి భవనం మెట్లదారిలోకి వెళ్లాలి. పైన కనీసం రెండు అంతస్తులు ఉండేలా చూసుకోవాలి. కిటికీలకు, బయటి తలుపుకు దూరంగా ఉండాలి. అదీ లేకపోతే నేలమీద బోర్లా పడుకుని రెండు చేతులతో తల కప్పుకోవాలి. పెంకులు నేలకు సమాంతరంగా, కొంచెం పైకి ఎగురుతాయి. నిలబడిన మనిషికే ఎక్కువ తగులుతాయి. కారులో ఉంటే ఆపి, దిగి, కారుకు ఎడంగా పడుకోవాలి. బస్సులో ఉంటే కిటికీ అంచు కిందికి వంగి తల కప్పుకోవాలి. చప్పుడు వినిపించగానే బయటికి పరుగెత్తకూడదు. ఆకాశంలో పేల్చేసిన రాకెట్ తునకలు ఆ తర్వాత కూడా రాలుతాయి. రాకెట్ దాడికి పది నిమిషాలు ఆగాలన్నది చాలాకాలంగా ఉన్న నియమం. బయటికి రావచ్చన్న సందేశం వచ్చాక రావడం ఇంకా మంచిది. కిందపడిన తునకను ముట్టుకోకుండా పోలీసుకు, అంటే 100కు చెప్పాలి. అంబులెన్సు 101, ఫైరు 102, జనానికి హెచ్చరికలిచ్చే సైనిక విభాగం హోం ఫ్రంట్ కమాండ్ 104. ఆ కమాండ్ యాప్ ఇంగ్లిష్‌లోనూ ఉంది. ఫోను సైలెంటులో పెట్టి పాటలు వినే అలవాటుంటే ఆ పూటకు మానాలి.

శుక్రవారం సూర్యాస్తమయం ముందునుంచి శనివారం రాత్రి దాకా అక్కడ రైళ్లు ఉండవు, చాలా ఊళ్లలో బస్సులూ ఉండవు. టెల్ అవీవ్ దాకా వెళ్లాలనుకుంటే ‘షేరుత్’ అనే షేర్ వ్యానులే దిక్కు. తిరుగు వ్యాను ఎక్కడ ఎక్కాలో తెలియకుండా బయల్దేరొద్దు. మొదటిసారికి సొంత ఊళ్లోనే, నడిచి తిరిగొచ్చే దూరంలో ఉండమనండి. తను లేని పూట ఆ పెద్దావిడను సైరన్ సమయంలో రక్షణ గదిలోకి ఎవరు తీసుకెళ్తారో ఇంటివాళ్లతో ముందే తేల్చుకోవాలి. అది తేలకపోతే ఒడ్డున కూర్చున్నా అమ్మాయి మనసు ఇంట్లోనే ఉంటుంది.

ప్రశ్న: మా తమ్ముడు హైఫాలో పనిచేస్తాడు. సెలవు రోజు బయటికెళ్లి లైవ్ లొకేషన్ పంపితే బీరూట్ విమానాశ్రయంలో ఉన్నట్టు చూపించింది. ఇంటిల్లిపాదీ ఏడుపులు. ఇదెలా సాధ్యం? – ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: మీ తమ్ముడు హైఫాలోనే ఉన్నాడు. శత్రు డ్రోన్లు దారి తప్పాలని అక్కడ జీపీఎస్‌కు తప్పుడు సంకేతాలు పంపుతారు. 2023 అక్టోబరు తర్వాత ఉత్తర ఇజ్రాయెల్‌లో చాలామంది ఫోన్లు ఇలాగే బీరూట్ చూపించాయి. కాబట్టి మ్యాపు చుక్కను నమ్మొద్దు. వీధి పేరు, బస్‌స్టాపు పేరు టైపు చేసి పంపమనండి. తాను కూడా దారి కోసం మ్యాపునే నమ్ముకోకుండా వెళ్లే దారిలో గుర్తులు చూసుకుంటూ వెళ్లాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇరాక్‌లో బజారుకెళ్లి రీల్ తీశాడు. చెక్‌పోస్టు దగ్గర ఫోను లాక్కుని రెండు గంటలు కూర్చోబెట్టారట. అంత తప్పు ఏం చేశాడు? – ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రీల్‌లో వెనకాల ఏం పడిందో చూడండి. చెక్‌పోస్టు, సైనిక బండి, యూనిఫాం మనిషి, వంతెన, ప్రభుత్వ కార్యాలయం, చమురు పైపు... వీటిలో ఏది పడినా అక్కడ అనుమానమే. మనవాళ్లకు తూటాలకంటే ముందు తగిలే దెబ్బ ఫోటోలదే. బండి కదులుతుండగా కెమెరా తీయకూడదు. చెక్‌పోస్టు రావడానికి ముందే ఫోను జేబులో పెట్టాలి. చేతులు కనిపించేలా ఉంచాలి, రాత్రయితే బండి లోపలి దీపం వేయాలి, చలువ కళ్లద్దాలు తీయాలి. అడిగినవాటికే జవాబు చెప్పాలి. ఫోను తీసుకుంటే గుంజుకోవద్దు, వాళ్ల ముందే ఫోటోలు చెరపడానికి తొందరపడొద్దు. ఆ తొందరే అనుమానం పెంచుతుంది.

తిండి, నది, స్నేహితులు, అనుమతి అడిగి తీసిన దుకాణం, ఇవన్నీ తీసుకోవచ్చు. పోస్టు చేయడం మాత్రం క్యాంపుకు చేరాకే. ఇజ్రాయెల్‌లో అయితే సైనిక సెన్సార్ ఉంది, అంటే యుద్ధ సమాచారం ఏది బయటపెట్టవచ్చో సైన్యమే చూస్తుంది. క్షిపణి పడిన చోటు వీడియో ఊళ్లో గ్రూపుకు పంపినా చిక్కే. ఇంట్లోవాళ్లకూ ఇదే మాట. అబ్బాయి పంపిన వీడియోను ‘మావాడు ఇప్పుడే ఇక్కడున్నాడు’ అని స్టేటస్ పెట్టకండి.

ప్రశ్న: నాసిరియా దగ్గర పనిచేస్తున్న అన్నయ్య ఊర్ జిగ్గురాత్ చూసొస్తానంటున్నాడు. చూడదగ్గదేనా? – చరిత్ర విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: తప్పకుండా. దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట ఊర్ నమ్ము రాజు కాలంలో మొదలైన మెట్ల గుడి అది. కింది అంతస్తు ముఖభాగం, మెట్లు 1980ల్లో మళ్లీ కట్టినవి. పైన ఉన్న ఇటుకల గుట్ట పాతది. తేడా చూడమనండి, తెలిసిపోతుంది. 2003 తర్వాత అమెరికా వైమానిక స్థావరం కంచె లోపల ఉండేది. 2009లో ఇరాక్‌కు తిరిగి అప్పగించారు. స్థావరం ఇంకా పక్కనే ఉంది కాబట్టి కెమెరా ఆ వైపు తిప్పొద్దు, డ్రోన్ మాట ఎత్తొద్దు. నీడ లేదు. పొద్దున్నే వెళ్లి పదకొండింటికల్లా బయటపడాలి. నడిచే బాట దిగి తవ్వకాల గుంటల్లోకి వెళ్లకూడదు.

ప్రశ్న: ఫుట్‌బాల్ మ్యాచ్ రాత్రి మావాళ్ల క్యాంపు బయట కాల్పులు వినిపించాయట. దాడి అనుకున్నారు. తీరా చూస్తే సంబరాలట! – కొత్తపేట, గుంటూరు

జవాబు: ఇరాక్‌లో జాతీయ జట్టు గెలిచినా, పెళ్లయినా గాల్లోకి కాలుస్తారు. పైకి పోయిన తూటా ఎక్కడో కింద పడాల్సిందే. ఏటా మనుషులు గాయపడుతున్నారు, చనిపోతున్నారు. మ్యాచ్ ఉన్న సాయంత్రం షికారు పెట్టుకోవద్దు. బయట ఉంటే కాంక్రీటు కప్పు కిందికి వెళ్లాలి. రేకు షెడ్డు, గుడారం తూటాను ఆపవు.

ప్రశ్న: బయటికెళ్లిన రోజు ఫోను కలవకపోతే ఇక్కడ మేమేం చేయాలి? ఎవరికి చెప్పాలి? – ఒక తండ్రి, గుణదల, విజయవాడ

జవాబు: వెళ్లే ముందే ఒప్పందం చేసుకోండి. మూడు మెసేజీలు చాలు. బయల్దేరాను, చేరాను, తిరిగొచ్చాను. మధ్యలో ఫోన్లు చేయకండి. బజారులో ఫోను చెవిన పెట్టుకుని పరధ్యానంగా నడిచే మనిషికి చుట్టూ ఏం జరుగుతోందో తెలియదు. గంటల లెక్క ఇరు వైపులా ఒకటే ఉండాలి. ఇరాక్ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇజ్రాయెల్ వేసవిలో రెండున్నర, చలికాలంలో మూడున్నర గంటలు వెనక. ఈ గంట తేడా తెలియక అనవసరంగా కంగారుపడిన ఇళ్లు ఉన్నాయి.

అనుకున్న సమయం దాటితే గంటసేపు ఆగండి. వాట్సాప్ పోకపోతే మామూలు ఎస్‌ఎమ్మెస్ పంపండి. డేటా ఆగినా అది చాలాసార్లు చేరుతుంది. ఇరాక్‌లో పబ్లిక్ పరీక్షల రోజుల్లో కాపీలు ఆపడానికి పొద్దున పూట ఇంటర్నెట్ కట్టేసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. పేలుడు జరిగినా, జనం ఒక్కసారిగా ఫోన్లు చేసినా నెట్‌వర్కు నిండిపోతుంది. గంట తర్వాత అదే గదిలో ఉండే స్నేహితుడికి, తర్వాత క్యాంపు సెక్యూరిటీ డెస్కుకు చేయండి. అక్కడ అడగాల్సింది ఒక్కటే: బండి గేటులోపలికి వచ్చిందా? గేటు రిజిస్టరులో ప్రతి బండి సమయం రాసి ఉంటుంది. బండి రాలేదని తేలితే, క్యాంపు వాళ్లు సరైన జవాబు చెప్పకపోతే, ఆలస్యం చేయకుండా అక్కడి భారత రాయబార కార్యాలయానికి, తాడేపల్లిలోని ఏపీ ఎన్నార్టీ సొసైటీకి (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న సంస్థ) చెప్పండి. విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు ‘మదద్’ పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. పోర్టల్‌లో పెట్టిన ఫిర్యాదుకు నంబరు వస్తుంది, తర్వాత ఎవరితో మాట్లాడినా ఆ నంబరు చెప్పాలి.

ఆ ఫోన్లు చేసేనాటికి మీ చేతిలో కాగితాలు ఉండాలి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల కాపీ, వీసా, ఉద్యోగ ఒప్పందం, ప్రవాసీ భారతీయ బీమా యోజన (విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల బీమా) పాలసీ, కంపెనీ ఇరాకీ భాగస్వామి పేరు, క్యాంపు పేరు, గది నంబరు, ఇద్దరు తోటివాళ్ల నంబర్లు. అన్నీ ఒక కవరులో పెట్టి, ఇంకో సెట్టు దగ్గరి బంధువుల ఇంట్లో ఉంచండి. అబ్బాయి కంపెనీ మారినా, క్యాంపు మారినా ఆ వారమే కవరులో కాగితం మార్చండి. పాత క్యాంపు పేరు పట్టుకుని వెతికితే మొదటి రోజంతా అక్కడే పోతుంది.